బండలో నీళ్లు

మొన్న మదనపల్లెలో చలి ముదిరిన పొద్దున, కాఫీకి పెట్టిన పాలు కాగకముందే పొయ్యి మంట వణికి కుంగిపోయింది. మా అమ్మాయి గ్యాస్ బండను కదిపి, లోపలి చప్పుడు విని, "నీళ్లు కలిపినారు నాయనా" అంది. పాతికేళ్ల కిందట ఆ మాటే మా మేనమామ బతుకు మీదికి వచ్చింది.

మామ పుంగనూరులో గ్యాస్ బండలు చేరవేసేవాడు. ఒక ఆసుపత్రి వంటశాలలో ఆయన దించిన బండలు, చలికాలం వచ్చేసరికి, లోపల ఇంకా తొణుకుతుండగానే మంట వదిలేసేవి. వంటశాల చూసుకునే పెద్దమ్మ, రోగులకు గంజి వేళకు అందక విసిగి, అందరి ముందూ అడిగేసింది: "ఏమప్పా, గ్యాస్ నీకు, నీళ్లు మాకా?"

"నీళ్లమ్ముకునేవాణ్ణయితే బిందె మోసుకుంటా గానీ, బండ యాల మోస్తానమ్మా?" అని మామ నవ్వేశాడు. ఏజెన్సీ యజమాని మాత్రం నవ్వలేదు. సంగతి తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు.

నేనప్పుడు కుప్పంలో ఒక గ్రానైట్ యార్డులో రాళ్ల కొలతలు లెక్కగట్టేవాణ్ణి. కాలేజీ గడప తొక్కనివాణ్ణి. పాత పుస్తకాల అంగట్లో దొరికిన రసాయన శాస్త్రమే నాకు గురువు. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలయిక అనీ, ప్రొపేన్ ఆవిరి గట్టిగా, బ్యూటేన్ ఆవిరి మెల్లగా తోస్తుందనీ, రెండూ కలిసినప్పటి ఒత్తిడి ఏది ఎక్కువుంటే దానివైపు ఒరుగుతుందనీ అందులో ఉంది. ఒత్తిడి తెలిస్తే పాళ్లు తెలుస్తాయి. తేల్చి తీరాలనుకుని ఆదివారం పుంగనూరు బస్సెక్కాను.

వంటశాల గొట్టానికి ఒత్తిడి చూపే ముల్లు ఉండేది. ఆసుపత్రి మెకానిక్ దగ్గరుండి, మంట వదిలేసిన బండను దానికి తగిలించాడు. పదిహేను డిగ్రీల చలిలో ముల్లు 1.4 బార్ దగ్గర నిలిచింది. అదే చలికి ప్రొపేన్‌కు 7.3, బ్యూటేన్‌కు 1.8 అని పుస్తకం. లెక్క కడితే ప్రొపేన్ సున్నా కంటే తక్కువ వచ్చింది; అంటే ఒట్టి బ్యూటేన్‌కు ఉండాల్సిన ఒత్తిడి కూడా లేదు.

"సూడప్పా, లెక్క గూడా నీళ్లే అంటాండాది" అంది పెద్దమ్మ. మామ తల వంచుకున్నాడు. నేను లేవలేదు.

బండ తీసేసిన ముల్లును చూస్తూ కూర్చున్నాక తట్టింది. బయటి గాలి ఒత్తిడిని అది సున్నాగా చూపుతుంది. పుస్తకమేమో ఆ గాలిని కూడా కలిపి చెబుతుంది. అదీ సముద్రపు ఒడ్డు గాలి కాదు, మిట్ట మీది మన ఊళ్ల పలుచని గాలి, దాని ఒత్తిడి 0.93. కలిపితే 2.33. ప్రొపేన్ దాదాపు పదో వంతు, మిగిలిందంతా బ్యూటేన్. చురుకైనది ముందే ఆవిరై పోయి, చలికి బద్ధకించి వంటశాల పొయ్యిలకు చాలినంత ఆవిరి ఇవ్వలేనిది అడుగున మిగిలిందన్నమాట. రుజువు కోసం బండను మళ్లీ తగిలించి, కొంత వెలిగిస్తే ముల్లు పడింది; మంట ఆపి, చల్లబడిన బండ తేరుకునేదాకా ఆగాం. ముల్లు ఇంచుమించు పాత చోటికే వచ్చింది. కింద నీళ్లే ఉంటే పడిన ముల్లు లేచేది కాదు.

రెండు బండలు ఒకేసారి తెరిస్తే భారం పంచుకుంటాయని మెకానిక్ అలా అమర్చాడు. గంజి ఉడికింది. పెద్దమ్మ మొదటి గ్లాసు మామ చేతికిచ్చింది. మామ నన్ను అంకెలేవీ అడగలేదు. "అల్లుడా, నీళ్లు గాదు గదా?" అన్నాడు. కాదన్నాను. మరునాడు మళ్లీ బండ భుజానికెత్తుకున్నాడు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పేలోగా తను ఫోన్లో ఫిర్యాదు పెట్టేసింది. ఇప్పుడు బండ దించేవాళ్లు నెలకొకరు, ముఖం గుర్తుండదు. నిందించడానికి మనిషి అక్కర్లేని కాలం వచ్చింది. నీళ్లు కాదని తేల్చినా, ఆ మాట కోసం గుమ్మంలో ఎదురుచూసే మనిషి కూడా లేడు.