ఒంటికాలి పెండేరం

మొన్న మా కోడలు పంటలోను కోసం గాజులు తీసుకొని బ్యాంకుకు పోతా ఉంటే, ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఏం చేస్తానులే అని నేనూ వెంట పోయినాను. ఆడ బంగారం చూసే ఆయన గాజును ఒరగల్లు మీద ఒక్క రాపు రాసి, ద్రావకం చుక్క వేసి, తల ఎత్తకుండానే కాయితం మీద ఏదో రాసుకున్నాడు. గీత లావుగా పడింది. నా నోరు ఊరుకోలేదు. "గీత సన్నగా పడాలబ్బా, అప్పుడే రంగు తెలిసేది" అన్నాను. ఆయన నవ్వి, "ఏం తాతా, నువ్వు కూడా బంగారు చూస్తాంటివా?" అన్నాడు. "చూస్తాంటి. నాకంటే బాగా చూసే మనిషి ఒకడుండె" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ మనిషి బతికి ఉన్నన్నాళ్లూ ఆ ముక్క నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు.

మాది హిందూపురంలో కుదువ అంగడి. నేను చెప్పేది రెండో పెద్దయుద్ధం మొదలు కాకముందు మాట. బజారులో ఒకపక్క బెల్లం మండీలు, ఇంకోపక్క చింతపండు మండీలు, నడుమ మేము. ఎండాకాలంలో బెల్లం కోసం వచ్చిన ఈగలు దారి తప్పి మా అంగట్లో దూరి, నాయన ముందరుండే త్రాసు పళ్లెంలో వాలుతుండేవి. "ఈగ బరువు కూడా మనకొద్దు" అని నాయన వాటిని విసనకర్రతో తోలి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగులో ఏడ్చేవాళ్లు, సగం మంది కన్నడంలో ఏడ్చేవాళ్లు. డబ్బుకు 'దుడ్లు' అనే మాట ఇద్దరికీ ఒకటే కావడంతో యవ్వారానికి ఎన్నడూ అడ్డం రాలేదు. రొళ్ల నుంచీ మడకశిర నుంచీ ఎద్దులబండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. వెండికంచాలు, ముత్తాతల నాటి అత్తరు బుడ్లు, తుప్పు పట్టి ఒరలోంచి బయటికి రాని కత్తులు తెచ్చేవాళ్లు. కత్తి తెచ్చిన ప్రతివాడూ వాళ్ల తాత దాంతో పులిని చంపినాడనే చెప్పేవాడు. నాయన ఓపిగ్గా పులి కథంతా విని, పిడిమీది వెండి మాత్రం తూచేవాడు. ఆ పులులన్నీ నిజమే అయ్యుంటే మా సీమలో మనుషులుండడానికి చోటుండేది కాదు.

నా పన్నెండో ఏట నాయన ఒరగల్లు నా చేతిలో పెట్టినాడు. ఇరవై వచ్చేసరికి గాజునైనా గొలుసునైనా గీత గీసి, ఇది ఇంత, అది ఇంత అని చెప్పేవాణ్ణి. చాలామటుకు సరిగానే ఉండేది. అంగట్లో నాయన కూర్చునే పరుపు ఒకటుండేది. దాని గలీబు ఏ రంగుదో మా అమ్మకు కూడా జ్ఞాపకం లేనంత పాతది. ఏదో ఒకనాడు దాని మీద నేను కూర్చుంటానని, వేరేవాళ్లు కూర్చునే అవకాశమే లేదని అనుకునేవాణ్ణి. నాయనకు కొడుకును నేనొక్కణ్ణే కదా.

అప్పుడు ధర్మవరం నుంచి మా మేనత్త కొడుకు వచ్చినాడు. మామ పోయి ఏడాది దాటింది. "వీనికి చీరల యాపారంలో మనసు నిలవలేదన్నా, నీకాడ పెట్టుకో" అని మేనత్త నాయనకు చెప్పి పంపింది. నాకంటే రెండేండ్లు పెద్ద, కాబట్టి బావ. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎదుటివాళ్లు ముందుకు వంగి వినాల్సినంత మెల్లగా మాట్లాడేవాడు. ధర్మవరంలో చినిగిపోయిన పాత పట్టుచీరలు కొని, కాల్చి, జరీలోని వెండి తీసేవాళ్లుండేవాళ్లు. బావ చిన్నప్పటి నుంచి వాళ్ల దగ్గర తిరిగినాడంట. పోగును వేళ్ల మధ్య నలిపి, ఇందులో వెండి ఎంత, రాగి ఎంత అని కాల్చకముందే చెప్పేవాడంట. ఈ 'అంట'లన్నీ మా నాయన చెప్పినవే. నాకు అప్పటికే ఒళ్లు మండింది.

వచ్చిన నెలలోపే నా పరువు తీసినాడు. ఒక రైతు నడుముకు పెట్టుకునే గొలుసు తెస్తే, నేను మూడుచోట్ల గీసి, మేలైన బంగారమని చెప్పినాను. బావ దాన్ని అరచేతిలో వేసుకొని, రెండుసార్లు ఎగరేసి, "మామా, దీని కడుపులో రాగి తీగె ఉండాది" అన్నాడు. నాయన ఒక లింకును ఆకురాయితో రాయించినాడు. రాగి ఎర్రగా నవ్వింది. రైతు నవ్వలేదు, నేను నవ్వలేదు, నాయన మాత్రం బావ వీపు తట్టి, "చూడరా, చెయ్యంటే అదీ" అన్నాడు. ఆ తట్టడం నేను ఎనిమిదేండ్లుగా ఎదురుచూస్తున్నది. ఆ రోజు నుంచి నేను దొంగతనంగా సాధన మొదలుపెట్టినాను. వంటింట్లో కండ్లు మూసుకొని ఒక చేతిలో చింతపండు ఉండ, ఇంకో చేతిలో వంకాయ పెట్టుకొని బరువు చూస్తా ఉంటే మా అమ్మ పట్టుకుంది. దిష్టి తీసుకుంటాండాననుకొని, "ఎవరి కన్ను తగిలిందిరా నీకు?" అని అడిగింది. నా కన్నే ఇంకొకరికి తగిలించాలని చూస్తాండానని ఆమెతో ఎట్లా చెప్పేది?

వచ్చేవాళ్లు రానురాను "ఆ ధర్మవరం ఆయన లేడా?" అని అడగడం మొదలుపెట్టినారు. బావకు జ్వరం వచ్చిన రోజు నాకు ఆకలి బాగా వేసేది. ఇంత నీచంగా ఉంటివా అని మీరనుకోవచ్చు. ఉంటిని. పైగా ఆయన నాతో ఎన్నడూ మంచిగా తప్ప మాట్లాడలేదు. అది ఇంకా మంట.

ఆ ఏడు వానలు లేవు. ఒకనాడు పొద్దున బండి దిగి పెనుకొండ నుంచి ఒక అవ్వ వచ్చింది. కోటలో ఒకప్పుడు కుస్తీలు పట్టిన జెట్టీల ఇంటామె. మనిషి ఎండిపోయి ఉన్నా నిలబడే తీరులో మాత్రం ఆ వంశం తెలుస్తాండేది. కొంగులోంచి ఒక మూట విప్పి నా ముందర పెట్టింది. కాలికి వేసుకునే బంగారు కడెం. లావుగా, మొరటుగా, అరిగిపోయి ఉంది. లోపలి వైపు ఏవో పాతకాలం అక్షరాలు. నేను తిప్పి చూసి, "దీని జత యాడుండాదవ్వా?" అన్నాను.

అవ్వ నన్ను జాలిగా చూసింది. "దానికి జత ఉండదు నాయనా."

లోపల నుంచి బావ లేచి వచ్చినాడు. కడేన్ని రెండు చేతులతో తీసుకొని, వెలుతురుకు పట్టుకొని, లోపలి అక్షరాల మీద వేలు నడిపించినాడు. తర్వాత నాయనతో అన్నాడు: "మామా, ఇది గండపెండేరం. గెలిచినోనికి రాజులు ఒక్క కాలికే తొడిగించేది. దీన్ని తూకానికి తీసుకోకూడదు. ఈ అక్షరాలు చదివేవాళ్లు బెంగళూరులో ఉంటారు. చదివిస్తే దీని విలువే వేరు." అవ్వ కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. తన ఇంటి వస్తువు పేరు ఇంకొకరి నోట విని ఎన్నేండ్లయిందో. "బావి ఎండిపోయింది నాయనా. లోతు తీయించాల. అమ్మొద్దని మా ఆయన చచ్చేటప్పుడు చెప్పినాడు, అందుకే కుదువ పెడతాండా" అంది. నాయన అడిగినంత ఇచ్చి, పెండేరాన్ని ఇనుపపెట్టెలో పెట్టి, బావతో "దీని సంగతి నువ్వే చూసుకోరా" అన్నాడు. జత యాడుండాదని అడిగిన నన్ను చూసి మాత్రం ఆ సాయంత్రందాకా మీసంలోనే నవ్వుకున్నాడు.

నెల తర్వాత అక్షరాలు చదివే పంతుల్ని వెతుక్కుంటా బావ బెంగళూరు పోయినాడు. అదే వారం నాయన పెండ్లికని ధర్మవరం పోయినాడు. అంగట్లో నేనొక్కణ్ణే. పరుపు మీద కూర్చుని చూసుకున్నాను. అనుకున్నంత మెత్తగా లేదు. మర్నాడు పెనుకొండ అవ్వ వచ్చింది. బావిలో బండ పడిందంట. దాన్ని పగలగొట్టాలంటే ఇంకా డబ్బు కావాలంట. "ఇంగ అమ్మేస్తా నాయనా. నీళ్లు లేనింట్లో పెండేరం ఎవరికి? ఆ పొడుగు నాయన లేడా?"

మూడు రోజులు ఆగమని చెబితే సరిపోయేది. బావ వచ్చేవాడు, బెంగళూరు పంతులు వచ్చేవాడు, ఆమెకు రెండింతలో మూడింతలో దొరికేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేసినానని ఇన్నేండ్లలో నాకు నేను కూడా చెప్పుకోలేకపోయినాను. ఆమె బావను అడగకుండా ఉండుంటే ఏమయ్యేదో కానీ, అడిగింది. తూకం లెక్కకు కొన్నాను. ఒక్క పైసా తక్కువ ఇవ్వలేదు, ఎక్కువా ఇవ్వలేదు. ఆమె అటు స్టేషన్‌కు పోయిందో లేదో, నేను ఇటు కంసాలి వీధికి పోయినాను.

ఆచారి ముసలాయన. పెండేరాన్ని తిప్పి చూసి, "చిన్నశెట్టీ, లోపల అక్షరాలుండాయే. మీ నాయన్ను అడిగినావా?" అన్నాడు.

"నేనే చెప్తాండా కదా. కరిగించు."

ఆయన ఇంకేమీ అనలేదు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, మూసలో వేసి, వెలిగారం చల్లి, ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. పట్టపగలు, వీధిలో గాజులమ్మే ఆమె కేకలు వినపడతాండాయి. అక్షరాలున్న ముక్క అన్నిటికంటే పైన పడింది. అది మెత్తబడి వంగి, లోపలికి జారేదాకా నేను చూస్తానే ఉన్నాను. చల్లారినాక తూస్తే, నేను వేసిన అంచనాకు గురివింద గింజంత కూడా తేడా రాలేదు. నా జీవితంలో అంత కచ్చితంగా నేనెన్నడూ చెప్పలేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోవడానికి లేకపోయింది.

ముద్దను అమ్మి అంగడి డబ్బు అంగట్లో పెట్టినాను. నాయన వచ్చి పెండేరం ఏదని అడిగితే, "అవ్వ విడిపించుకొని పోయింది" అన్నాను. మూడోనాడు బావ వచ్చినాడు. దుమ్ము కొట్టుకొని, కండ్లు మెరుస్తా, చెప్పులు కూడా విడవకుండా, "పంతులు దొరికినాడు మామా! వచ్చే సోమవారం తానే వస్తాడంట!" అన్నాడు. నాయన నా మాటే ఆయనకు చెప్పినాడు. బావ ముఖం ఒక్కక్షణం వాడిపోయి, మళ్లీ తేరుకుంది. "పోనీలే, మంచిదే. ఆమె ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది. రేపు నేనే పెనుకొండకు పోయి, పంతులుకు చూపించమని అడుగుతా" అన్నాడు.

ఆ రేపు ఎట్లా గడిచిందో నాకు తెలీదు. వచ్చిన వాళ్లకు గీతలు గీసినాను, ఏం చెప్పినానో జ్ఞాపకం లేదు. సాయంత్రం బండికి బావ వచ్చినాడు. కాళ్లు కడుక్కొని వచ్చి, నా పక్కనే ఆకు ముందర కూర్చున్నాడు. నాయన, "ఏమంటుందిరా ఆ జెట్టీలామె?" అన్నాడు. బావ ముద్ద కలుపుతా, "విడిపించుకున్నారంట మామా. చూపించడం ఇష్టం లేదంట" అన్నాడు. నాకే అమ్మిన సంగతి అవ్వ ఆయనతో చెప్పకుండా ఉంటుందా? అయినా నా వైపు చూడలేదు. కోపంగా చూసుంటే తట్టుకునేవాణ్ణి. సంగటి అట్లే ఆకులో వదిలేసి లేచినాను. ఇంతకాలం ఆయన కన్నును చూసి ఏడ్చినాను. ఆ పొద్దు నుంచి ఆయన మనసును చూసి ఏడవడం మొదలైంది.

పంతుల్ని రావద్దని బావ జాబు రాసినాడు. నెలలోపే, అమ్మ ఒక్కతే ఉండాదని చెప్పి ధర్మవరం పోయి, చిన్న పట్టు అంగడి పెట్టుకున్నాడు. పరుపు నాకే వచ్చింది. నాయన మాత్రం బతికినన్నాళ్లూ ఏదైనా చిక్కు వస్తువు వస్తే, "వాడుంటేనా" అని అనకుండా ఉండలేదు.

యుద్ధం అయిపోయిన ఏడు, ఒక కోర్టు వాయిదా పని మీద పెనుకొండకు పోయి, కాళ్లు తీసుకుపోతే అవ్వ ఇంటికి పోయినాను. కంటిచూపు సగం పోయింది కానీ, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టింది. నా చేయి పట్టుకొని బావి దగ్గరకు తీసుకుపోయింది. బండ పగిలి, నీళ్లు పడినాయంట. నాలుగు చాళ్ల కూరగాయలు, అంచున కరివేపాకు. చెంబుడు నీళ్లు నా చేతికిచ్చి, "మా పెండేరం బాగుండాదా నాయనా?" అంది.

నేను చెంబు నోటికెత్తుకున్నాను.

"బావి తవ్వుతాండగానే ఆ పొడుగు నాయన ఇంకోసారి వచ్చి చెప్పినాడులే. బెంగళూరులో అద్దాల బీరువాలో పెట్టినారంట కదా. పెద్ద పెద్దోళ్లు వచ్చి చూసి పోతాండారంట. మా ఇంటిపేరు కూడా కింద రాసినారంట. ఆ మాట విన్న రోజు నాకు కడుపు నిండింది. నువ్వు చూసినావా?"

"చూసినానవ్వా" అన్నాను. "బాగుండాది. రోజూ తుడుస్తాండారు."

ఇంకా ఏమేమో అడిగింది. బీరువా ఎంత ఎత్తు, దీపం పెడతారా లేదా. అన్నింటికీ బదులు చెప్పినాను. బావ మొదలుపెట్టిన అబద్ధానికి నేను గోడలు కట్టి, కిటికీలు పెట్టి వచ్చినాను.

మర్నాడు ధర్మవరం బండి ఎక్కినాను. బావ అంగట్లో ఒక్కడే కూర్చుని, చీర మడత పెడతాండాడు. అప్పటికే తల నెరవడం మొదలైంది. నేను ఎదురుగా కూర్చుని, దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, "పెనుకొండకు పోయింటి బావా" అన్నాను.

ఆయన చేతులు ఆగినాయి. తల మాత్రం ఎత్తలేదు. "నీళ్లు పడినాయా?"

"పడినాయి. తియ్యగా ఉండాయి."

"ఇంగేం మరి" అన్నాడు, మడత పూర్తి చేస్తా. తర్వాత లోపలికి తిరిగి, "ఏమే, బామ్మర్ది వచ్చినాడు, కాఫీ పెట్టు" అని కేకేసినాడు.

ఆ తర్వాత ఆయన యాభై దాటకుండానే పోయినాడు. ఆ సంగతి మేము ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు లెక్కేస్తే, నాకంటే రెండేండ్లు పెద్దయిన మనిషి కంటే నేను ముప్పై ఏండ్లు పెద్దవాణ్ణయినాను. వయసులో దాటడానికి పోటీ ఏమీ అక్కర్లేదు, ఊరికే బతికి ఉంటే చాలు, కాలం దాటిస్తుంది. మిగిలినదాంట్లో మాత్రం నేనింకా ఆయన వెనకే నడుస్తాండాను.