స్టేజీ మీద అప్పగింతలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గుంటూరులో పాతకాలపు పెళ్లి ఆచారాలతో ఒక పండుగ చేశారు. కాలేజీ మైదానం నిండా పందిళ్లు. ఒకచోట బాసికాలు కట్టడం నేర్పుతున్నారు, ఇంకోచోట గొడుగు పట్టుకుని కాశీకి పోతానని అలిగిన పెళ్లికొడుకును బావమరిది బెల్లం ముక్కతో బతిమాలుతున్నాడు. మిరపకాయల సీజను కావడంతో ఊరంతా ఘాటు. సన్నాయి ఊదేవాళ్లు కూడా మధ్యమధ్య ఆగి తుమ్ముతున్నారు.

సాయంత్రం కాలేజీల మధ్య పోటీ. పెళ్లి తంతు మొత్తం స్టేజీ మీద చేసి చూపించాలి. మా ఆడపిల్లల కాలేజీ తరఫున పెళ్లికూతుర్ని నేను. పెళ్లికొడుకు మా క్లాసు అమ్మాయే. కాటుకతో మీసం దిద్దుకుని, పంచె జారకుండా బెల్టు బిగించుకుంది. తాళి మాత్రం ఉత్తుత్తికైనా కట్టకూడదని ముందే అనుకున్నాం.

నన్ను పెళ్లికూతురి వేషం వెయ్యమన్నది గుంటూరులో ఉండే మా మేనత్త. తన పట్టుచీర, నగలు కూడా తనే ఇచ్చింది. ఉత్తి వేషమే కదా అని సంబరంగా ఒప్పుకున్నాను. నిజం పెళ్లయితే ఒప్పుకునేదాన్ని కాదు. డిగ్రీ ఆఖరి ఏడులో ఇంట్లో సంబంధాల మాట మొదలైతే, బీఈడీ చేసి టీచర్నయ్యాకే పెళ్లని అన్నం మానేసి గొడవ చేశాను. చివరికి నాన్న దిగొచ్చి నా చేతిలో చెయ్యేశాడు.

"నీ బీఈడీ అయ్యేదాకా ఇంట్లో పెళ్లిచూపుల మాటెత్తను. సరేనా?"

మిరపకాయల బేరాలు కూడా ఆయన చేతిలో చెయ్యేసే కుదుర్చుకునేవాడు. ఒక్కసారి చెయ్యేశాక వెనక్కి పోగా నేను చూడలేదు. అందుకే నిశ్చింతగా ఉన్నాను.

ఆ సాయంత్రం నాన్న కూడా వచ్చాడు. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు పట్టింది. తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుందని ఆ రోజుల్లో ఆయన కల్లం వదిలి కాలు బయట పెట్టేవాడు కాదు. అలాంటిది నా వేషం చూడ్డానికి వచ్చాడని పొంగిపోయాను. పెళ్లిళ్లకు మాత్రమే తీసే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అది చూశాకైనా నా బుర్ర వెలగలేదు.

మేము ముస్తాబయ్యే గదిలోకి అత్త ఒక పెద్దావిడను తీసుకొచ్చింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి జడ పట్టుకుంది.

"సొంతదేనా అమ్మా, సవరమా?"

"సొంతదేనండీ. కుప్పెల దగ్గర కాస్త సవరం పెట్టారు."

"ఏదీ, ఆ తలుపు దాకా నడువు."

పోటీకి జడ్జిగారనుకున్నాను. మార్కులు పోతాయని వయ్యారంగా నడిచాను. వంట వచ్చా అని అడిగితే, దానికీ మార్కులున్నాయేమోనని పప్పుచారు మొదలుకుని నాకు వచ్చినవీ రానివీ అన్నీ ఏకరువు పెట్టాను. అత్త గోడవైపు తిరిగి నవ్వుకుంది.

స్టేజీ మీద అన్నీ బాగానే జరిగాయి. తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు మీసం సగం చెరిగిపోతే జనం ఈలలు వేశారు. చివర అప్పగింతలు. అత్తగారి వేషం మా లెక్చరర్‌ది, తండ్రి వేషం ఇంకో అమ్మాయిది. కానీ మైకులో, కన్నతండ్రే వచ్చి కూతుర్ని అప్పగిస్తాడని చెప్పారు. నాన్న మెట్లెక్కి వచ్చాడు. లెక్చరర్ నిలబడాల్సిన చోట ఆ జడ్జిగారు నిలబడి ఉన్నారు.

నాన్న నా చేతులు పళ్లెంలోని పాలలో ముంచి, ఆవిడ చేతుల్లో పెట్టాడు. వంగి నా చెవిలో అన్నాడు.

"కాస్త తలెత్తి చూడమ్మా. ముందు వరసలో నీలం చొక్కా అబ్బాయి, ఈవిడ కొడుకే. వాళ్లందరికీ నచ్చావంట."

ఒళ్లంతా మండిపోయింది. నాకు మాటిచ్చిన చెయ్యి అదే. ఇంతమంది ముందు నన్ను అలంకరించి, నడిపించి చూపించారు, నాకు మాత్రం చెప్పలేదు. ఏడుపు ఆగలేదు, వెక్కివెక్కి ఏడ్చాను. కింద ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు, ఆ తర్వాత చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి మాకే వచ్చింది.

తిరిగి వెళ్తూ ఆటోలో అడిగాను.

"నా చేతిలో చెయ్యేశావు కదా నాన్నా?"

"ఇవేం పెళ్లిచూపులా అమ్మా? స్టేజీ ప్రోగ్రామేగా. ఇంట్లో నేను మాటెత్తానా?"

ఇది అత్త ఎత్తు అనుకుని కోపమంతా ఆవిడ మీదే పెట్టుకుంటే తేలిగ్గా ఉండేది. కానీ నా చేతులు పట్టి ముంచింది ఆవిడ కాదు.

ఆ సంబంధం నేను ఒప్పుకోలేదు. మొండిగా కూర్చుని బీఈడీ చేశాను, టీచరునయ్యాను. పెళ్లి కూడా నేను సరేనన్నాకే కుదిరింది. అన్నీ నేను కోరినట్టే అయ్యాయి కాబట్టి నాన్న ఆ సాయంత్రాన్ని మరిచిపోయాడు. నేను మాత్రం ఆ తర్వాత ఆయన ఏది చెప్పినా అమ్మను ఇంకోసారి అడిగి గానీ నమ్మేదాన్ని కాదు.

నా పెళ్లిలో అప్పగింతల వేళ నాన్న నా చేతులు పాలలో ముంచి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. పిల్లకు కన్నీటిచుక్కయినా రాలేదేమిటని చుట్టాలు గుసగుసలాడుకున్నారు. ఎలా వస్తుంది? ఆయన నన్ను అంతకుముందే ఒకసారి అప్పగించేశాడు.