వరదగుడి, మా పరదా

ఇందాక డాబా మీదికి వెళ్తే చంద్రుడి చుట్టూ గుడి కట్టి ఉంది. ఎన్ని ఫొటోలు తీసినా చంద్రుడు పిండిముద్దలా పడ్డాడు గానీ చుట్టూ ఉన్న వలయం రానేలేదు. ఏం ఫోన్లో ఏమో!

కేసముద్రం నేస్తాలారా, ఉద్యమం రోజుల్లో మార్కెట్ ముందు వేసిన దీక్షా శిబిరం గుర్తుందా? దాని మీద కప్పింది వానకు వడ్ల మీద కప్పే మా ఇంటి పరదానే. బంద్ వల్ల కొనేవాళ్లు రాక మా వడ్లు యార్డులో కుప్పగా పడి ఉన్నాయి. ఒక సాయంత్రం ఇలాగే గుడి కట్టింది. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని శిబిరానికి పరుగెత్తింది. బాపు అక్కడే దీక్షలో ఉన్నాడు.

"కొడుకా, వరదగుడి ఇంత పెద్దగ కట్టింది. వాన దగ్గర్నే ఉన్నది. పరదా ఇయ్యి."

"శిబిరం ఎట్ల విప్పుతనే అవ్వా? అందరు ఏమనుకుంటరు?"

పక్కన కూర్చున్న టీచరక్క అప్పటికే లేచి తాడు విప్పుతోంది. "వడ్లు తడిస్తె రేపు రాష్ట్రమొచ్చినంక ఏం తింటమన్నా? జర పట్టు!"

అందరూ కలిసి పరదా మోసుకెళ్లి కుప్పకు కప్పేసరికి చినుకులు మొదలయ్యాయి. వాళ్లంతా శిబిరానికి తిరిగెళ్లి వానలోనే కూర్చుని నినాదాలిచ్చారు. నాయనమ్మ పరదా కిందికి చెయ్యి పోనిచ్చి వడ్లు తడిమి చూసింది. "పొడిగనే ఉన్నయి" అంటూ బురదలోనే కూలబడి నవ్వింది.

ఇందాకటి పిండిముద్ద ఫొటోనే, "గుడి కట్టింది" అని రాసి బాపుకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఆరేసినయి ఏమన్న ఉంటె లోపల పెట్టు."

దండెం మీది బట్టలు తీసి, చేత్తో తడిమి చెప్పాను.

"పొడిగనే ఉన్నయి బాపూ."