తెర మీద బొట్టు

కారులో స్టీరింగు పక్కనుండే తెర మీద ఏ గుర్తు ఎక్కడుండాలో తేల్చడం నా ఉద్యోగం. "బొమ్మలు గీస్తే గూడ జీతమిస్తరా?" అని మా అవ్వ, బాపు వాళ్లమ్మ, నవ్వేది. ఎవరికి నచ్చినట్టు వాళ్లు తెరను మార్చుకోవచ్చు, మోతలు కూడా ఆపుకోవచ్చు అన్నది నా పట్టుదలే. ఆఫీసులో ఎవరైనా అడ్డు చెబితే ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఆ తెర ఉన్న కారును పరీక్షకని మా ఊరు దేవరకొండకు తెచ్చాను. బాపు ముప్పై ఏళ్లు కిరాయి జీపు నడిపిన మనిషి. ఆయన చేతిలో నెగ్గితే ఎక్కడైనా నెగ్గుతుందని నా ధీమా. పొద్దున అవ్వ కొబ్బరికాయ కొట్టి, తెర మీదే పై అంచున సరిగ్గా నడుమ, నుదుటికి పెట్టినట్టే, పసుపు రాసి రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. మా ఇంట్లో ఏ బండికైనా బొట్టు పెట్టేది అలా పైన నడుమనే. నేను నవ్వుతూ ఫోటో తీశాను.

బాపు నడుపుతుంటే, నేను పక్కన కూర్చుని, నందికొండ దారి పట్టాం. "గీ కూత నాకొద్దు బిడ్డా" అని బాపు తెర నొక్కి మోతలన్నీ ఆపేశాడు. ఎంత తొందరగా నేర్చుకున్నాడో అని మురిసిపోయాను కూడా. వెనక అవ్వ తలుపుకు ఒరిగి కునుకు తీస్తోంది.

కొంత దూరం పోయాక తెర చూస్తుంటే ఆ బొట్టు కింద ఏముందో గుర్తొచ్చింది. తలుపు సరిగా పడకపోతే వెలిగే ఎర్ర గుర్తును నేను పెట్టింది పైన, నడుమనే. ఇప్పుడక్కడ బొట్టుంది. మోతా లేదు. పక్క అద్దంలోకి చూశాను. వెనక తలుపు సందులోంచి అవ్వ కొంగు బయట కొట్టుకుంటోంది.

అరిస్తే అవ్వ ఉలిక్కిపడి ఆ తలుపునే పట్టుకుంటుందేమోనని భయం. "బాపూ, మెల్లగ ఆపు. అవ్వ దిక్కు తలుపు పడలే" అన్నాను గొంతు తగ్గించి. బండి ఆగేదాకా అద్దంలోని ఆ కొంగు మీంచి చూపు తిప్పలేదు.

దిగి తలుపును బయటినుంచి రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. అవ్వ కళ్లు తెరిచింది.

"తలుపు పడిందో లేదో చూసుకోవా? గట్లెట్ల ఒరిగినవ్?" అని కసిరాను. కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

"నువ్వు చేసిన బండి గదా బిడ్డా. ఫికర్ లేకుంట ఒరిగిన."

బొట్టు తుడవమని నేను బాపును అడగలేదు. పెట్టిన బొట్టు ఎవరు తుడుస్తారు? సోమవారం ఆఫీసుకు పోయి, ఆ గుర్తును స్టీరింగు వెనక వేగం చూపే చోటికి మార్చి, దాని మోతను ఎవరూ ఆపలేకుండా చేశాను. నా చేత తిట్లు తిన్నవాళ్లంతా నవ్వారు, ఆ నవ్వులన్నీ భరించాను.

ఇప్పటికీ అవ్వ కారెక్కితే తలుపు నేనే వేసి, రెండుసార్లు లాగి చూస్తాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే దానికి ఒరిగి నిద్రపోతుంది.