స్కాన్ అక్కర్లేదనుకున్న ఫైళ్లు

2023 నవంబరు 14. ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు 1,86,412. అన్నింటినీ యాంటీవైరస్ గాలిస్తుంటే మౌస్ బాణం కదలడానికి కూడా బద్ధకించేది. సామాజిక పరిశోధనలో పీజీ చేసిన కెజియాకు ఇది నమూనా ఎంపిక సమస్యగా తోచింది. రెండు గంటలు కూర్చుని పట్టిక వేసింది. ప్రోగ్రాములు స్కాన్ చేయాలి, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లూ చేయాలి. ఫోటోలు అక్కర్లేదు. షార్ట్‌కట్లు అసలే అక్కర్లేదు, ఒక్కొక్కటి ఒక్క కేబీ. దారి చూపే బోర్డుకు జ్వరం వస్తుందా అని పక్కన వ్యాఖ్య రాసుకుని, ఆ వాక్యాన్ని తనే రెండుసార్లు చదువుకుంది.

ఆ ఉదయమే పరిశోధన రికార్డింగు కోసం జువ్వలదిన్నె రేవుకు వెళ్లి, వెంకటశేషమ్మ చేపలు ఏరుతుంటే పక్కన కూర్చుని చూసింది. అరవై దాటిన ఆ మనిషి వేలెడంత వాటిని కూడా తిప్పి చూస్తోంది.

"చిన్నవి వదిలేయొచ్చు కదా అవ్వా?"

"చిన్న జెల్ల ముల్లే పాపా, చెయ్యి వాచేట్టు గుచ్చేది. పెద్దదైతే కనపడతాది గదా."

కెజియా ఆ మాట రాసుకుని, 'సంప్రదాయ జాగ్రత్త' అని శీర్షిక పెట్టింది. అది తనకూ వర్తిస్తుందన్న ఆలోచన రాలేదు.

ల్యాప్‌టాప్ తేలికపడాలని, అరవై నాలుగు మంది మత్స్యకార మహిళల రికార్డింగులను పెన్‌డ్రైవ్‌లోకి మార్చేసింది. వేరే ప్రతి లేదు. ఎవరి మాటలు వారికి వినిపించి, సరేనంటేనే వాడతానని అందరికీ మాట ఇచ్చింది. గురువారం అదే పెన్‌డ్రైవ్‌తో, తానుండే ఇందుకూరుపేటలో పెంచలకృష్ణ జిరాక్స్ షాపులో ఫారాలు ప్రింటు తీయించుకుంది. ఇంటికొచ్చి చూస్తే లోపల అన్నీ షార్ట్‌కట్లే. ఒక్కొక్కటి ఒక్క కేబీ. యాంటీవైరస్ నోరు మెదపలేదు. మెదపవద్దని చెప్పింది తనే. కంగారులో పెన్‌డ్రైవ్‌ను లాగేసి షాపుకు పరుగెత్తింది.

"ఇది మా షాపుకొచ్చే వాళ్లందరికీ ఉండే జలుబే అక్కా," అన్నాడు పెంచలకృష్ణ. "ఫైళ్లు పోలేదు, వైరస్ దాచిపెట్టిందంతే."

"మరి మీరు స్కాన్ చేయరా?"

"చేస్తాం. షార్ట్‌కట్లు కూడా చూస్తే లేటవతాదని అవి ఆపేసినా."

శాస్త్రీయ పద్ధతిలో తాను చేరిన నిర్ణయానికి ఇతను పట్టిక లేకుండానే చేరాడు.

అతను దాగిన ఫైళ్లను బయటికి తెచ్చాడు. అరవై మూడు తెరుచుకున్నాయి. తెరుచుకోనిది వెంకటశేషమ్మది. పెన్‌డ్రైవ్‌ను అట్లా లాగేస్తే ఒక్కోసారి ఫైలు చెడిపోతుందట. ఆ తప్పు వైరస్‌ది కూడా కాదు.

తరువాతి వారం కెజియా అన్ని రకాల ఫైళ్లకూ టిక్కు పెట్టి, స్కాన్ నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను ఇంట్లో వదిలి, రేవుకు వెళ్లి తప్పు ఒప్పుకుంది.

"పోతే పోనీలే పాపా," అంది వెంకటశేషమ్మ, చేపల మీది నుంచి చూపు తిప్పకుండా. "ఆ పొద్దు సగం నువ్వే మాట్లాడినావు. ఈసారన్నా నన్ను మాట్లాడనీ. ఊరికే కూర్చోబాక, ఈ చిన్నవి ఏరు."

కొత్త రికార్డింగు నలభై నిమిషాలు. అందులో కెజియా గొంతు రెండుసార్లే వినిపిస్తుంది. రెండోది జెల్ల ముల్లు గుచ్చుకున్నప్పటిది.