మూడో అంతస్తు తలుపు మీది చెవి

షామీర్‌పేట దాటి అలియాబాద్ వైపు వెళ్లే రహదారికి కొంచెం లోపలగా ఉంటుంది మా అపార్టుమెంటు. అక్కడ ఒక శుక్రవారం ఉదయం, మూడో అంతస్తులోని ఒక తలుపు మీద చెవి కనిపించింది.

చెవి అంటే చెవి ముద్ర. ఆ ఇల్లు మా నివాసుల సంఘం కార్యదర్శిది. కోస్తా జిల్లా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన ఆయన, తన తలుపుకు ఆ మధ్యనే ముదురు రంగు పాలిష్ వేయించారు. నూనె అంటిన చెవిని ఎవరో ఆ పాలిష్‌కు ఆనించారు. రోడ్డు పనుల దుమ్ము మెట్ల మీదుగా పై అంతస్తుల దాకా రావడం మాకు మామూలే. ఆ దుమ్ము నూనెకు పట్టుకుని, చెవి పై అంచు, లోపలి మడతలు, కింది తమ్మె, తమ్మెలో చీలికలాంటి ఒక గీత స్పష్టంగా తేలాయి. నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో, నాణ్యతా విభాగంలో పనిచేస్తాను. ఇంత శుభ్రమైన నమూనా మా ల్యాబులో కూడా అరుదని పైకి అనేశాను. ఆ ఒక్క మాటతో పరిశోధన నా నెత్తిన పడింది.

“దొంగలు ముందు తలుపుకి చెవి ఆనించి, లోపల మనుషులున్నారో లేదో వింటారండీ,” అన్నారు కార్యదర్శి. “నిన్ననే ఫోనులో వీడియో చూశాను. వేలిముద్రల్లాగే చెవిముద్రలు కూడా ఎవరివి వాళ్లవేనట.”

“మరి ఇది ఎవరిదంటారు?”

“బయటివాడు గేటు దాటి రాలేడు కదా. వచ్చాడంటే వాచ్‌మన్ పంపి ఉండాలి. లేదంటే వాచ్‌మనే వచ్చి ఉండాలి. వాడి చెవి చూశారా? కుట్టించుకున్న చెవి! ముద్రలో కూడా తమ్మె దగ్గర చిల్లుంది.”

మా వాచ్‌మన్ మెదక్ వైపు మనిషి. సెల్లార్‌లో మోటారు పక్క గది అతనిది. భార్య మెట్లు ఊడుస్తుంది, కూతురు పదో తరగతి పరీక్షలకు చదువుతోంది. ఆదివారం సమావేశంలో అతన్ని తీసేయాలని కార్యదర్శి నిర్ణయించేశారు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. ఆ పిల్ల పరీక్షల ముందు ఎక్కడికి వెళుతుంది? అందుకని నేను ఒక షరతు పెట్టాను. ఒక్కడి చెవిని మాత్రమే అనుమానించడం పద్ధతి కాదు, అపార్టుమెంటులోని మగవాళ్లందరి ముద్రలు తీసి, పోల్చి, ఆ తర్వాతే తీర్మానం చేయాలి. మగవాళ్లవే ఎందుకని ఎవరూ అడగలేదు. దొంగ అనగానే అందరి మనసులోనూ మీసం మొలిచింది.

శనివారం సాయంత్రం ఇంట్లో అభ్యాసం మొదలుపెట్టాను. షోకేసు అద్దం పలక ఊడదీసి, చెవికి కొబ్బరినూనె పూసుకుని, అద్దానికి నొక్కి, మీద టాల్కం పౌడరు చల్లి, స్కేలుతో కొలిచాను. మూడుసార్లు తీశాను. మూడూ నా కుడిచెవే. మెల్లగా ఆనించినప్పుడు సన్నగా, గట్టిగా నొక్కినప్పుడు వెడల్పుగా, కొంచెం తల తిప్పినప్పుడు ఇంకెవరిదోలాగా వచ్చింది. నా చెవి నాతోనే సరిపోలలేదని ఆ రోజు డైరీలో విచారంతో రాసుకున్నాను.

మా అమ్మ వచ్చి నిలబడి చూసింది. ఆమె చేతిలో మూత పెట్టిన స్టీలు డబ్బా ఉంది.

“నెత్తికి పెట్టుకునే నూనె అద్దానికి పూస్తున్నవేందిరా?”

“చెవుల పరీక్షమ్మా. తలుపుకు చెవి పెట్టింది ఎవరో తేల్చాలి.”

“గట్లయితే నాది గూడ తియ్యి.”

“మగవాళ్లవి మాత్రమేనమ్మా.”

“ఏం, ఆడోళ్లకు చెవులుండయా?” అని, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకు ల్యాబులో అయితే నేను జవాబు రాసి, సంతకం పెట్టి ఉండేవాణ్ణి. ఇంట్లో కాబట్టి వదిలేశాను.

ఆదివారం భోజనాల తర్వాత సెల్లార్‌లో మగవాళ్లందరూ వరుసగా నిలబడ్డారు. రెండో అంతస్తు రిటైర్డ్ ఉపాధ్యాయుడికి నూనె పూస్తే చక్కిలిగింత. ఆయన నవ్వినప్పుడల్లా చెవి కదిలి, ముద్ర అలుక్కుపోయింది. మరొకాయన చెవి మీది వెంట్రుకల వల్ల అద్దం మీద చెవికి బదులు బ్రష్షు పడింది. పొడవులో తలుపు ముద్రకు అందరికన్నా దగ్గరగా వచ్చింది కార్యదర్శి చెవి.

“అది యాదృచ్ఛికమండీ,” అన్నారాయన, తువ్వాలుతో నూనె తుడుచుకుంటూ.

చివరగా వాచ్‌మన్ వచ్చాడు. “కానియ్యి సార్. పండుగకు గూడ గింత నూనె ఎవ్వలు పెట్టలే నాకు,” అంటూ తల వంచాడు. అతని తమ్మెలో చిల్లు చిన్న చుక్కగా పడింది. తలుపు మీద ఉన్నది చుక్క కాదు, గీత. ఆ మాటే చెప్పాను.

“గట్టిగా నొక్కితే చుక్క సాగి గీతవుతుంది. ఒత్తిడిని బట్టి ముద్ర మారుతుందని మీరే అన్నారు కదండీ?” అన్నారు కార్యదర్శి.

అన్నాను. నా కొలతలు నాకే ఎదురు తిరిగాయి.

“పోనీ, ఎత్తు చూడండి. ముద్ర నా ఛాతీ దగ్గర ఉంది. ఇతను నాకన్నా పొడుగు.”

“వంగాడండీ! పీప్‌హోల్‌లో కనబడకుండా.”

“నేను ఒంగుడా సార్?” అన్నాడు వాచ్‌మన్. “మోకాళ్లు పట్టుకొని మెట్లు ఎక్కనీకే పరేషాన్ అయితున్న. ఒంగితే మల్ల లేపనీకె మీరే రావాలె.”

“అయితే పైకి పద. తలుపు దగ్గర వంగి చూపించు. ముద్ర ఎత్తుకి నీ చెవి వచ్చిందంటే సాయంత్రానికి గది ఖాళీ చేయాలి.”

నూనె చెవులతో అందరం మెట్లెక్కాం. అద్దం నా చేతిలో, స్కేలు జేబులో. వాచ్‌మన్ ముందు నడిచాడు. అతని భార్య చీపురు పట్టుకునే వెనక వచ్చింది. మూడో అంతస్తు మలుపు తిరగ్గానే వాచ్‌మన్ ఆగిపోయాడు. వెనక మేమందరం ఒకరికొకరం తగిలి ఆగిపోయాం.

కార్యదర్శి తలుపుకు చెవి ఆనించి మా అమ్మ నిలబడి ఉంది. చంకలో స్టీలు డబ్బా. పెదవుల మీద వేలు.

“ష్! సప్పుడు జెయ్యకుండ్రి. లోపల ఫ్యాను తిరుగుతాంది. పండుకున్నరు.”

“మామ్మగారూ, మీరా?” అన్నారు కార్యదర్శి.

“నేనే. మీ ఇంటామె పులిహోర పంపిన డబ్బా గిది. ఉత్త డబ్బా ఎట్లిస్తనని గరిజెలు, మీరు కజ్జికాయలంటరే, గవి జేసి పెట్టిన. ఎప్పుడొచ్చినా ఫ్యాను సప్పుడే. బెల్లు గొడితే కూర్కున్న మనిషి ఉలిక్కిపడదా? గిన్నెల సప్పుడు ఇనబడ్డంక పిలుద్దామని చెవి పెట్టి సూస్తున్న. మా దిక్కు తలుపులు తెరిసే ఉంటయి, తొంగి సూసి మెల్లగ పిలుస్తం. మీరేమో కోట తలుపులు బెట్టిండ్రు.”

ఆమె తల నూనెతో మెరుస్తోంది. వయసులో ఉన్నప్పుడు బరువైన గంటీలు వేలాడదీసి సాగిన ఆమె తమ్మెలో చిల్లు పొడుగ్గా, అచ్చం గీతలా ఉంది. పుట్టినప్పటి నుంచి నా కళ్ల ముందున్న తమ్మె అది. చెవి సరిగ్గా ముద్ర ఎత్తులో ఉంది, ఆమె వంగకుండానే.

“అవ్వా, నీ చెవి నా కొలువు మింగుతుండె గదనే!” అన్నాడు వాచ్‌మన్.

“నన్నెందుకంటవురా? నాది గూడ తియ్యమంటె నా కొడుకే తియ్యకపాయె.”

అందరూ నా వైపు తిరిగారు. నేను అద్దం మీది ముద్రలను చాలా శ్రద్ధగా చూశాను.

ఈ గొడవకు తలుపు తెరుచుకుంది. “ఇప్పుడే కునుకు పట్టిందండీ, ఏంటీ గోల?” అంది కార్యదర్శి భార్య. “లేపిండ్రు!” అని మా అమ్మ మమ్మల్నందరినీ ఒక చూపు చూసి, డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

కార్యదర్శి వాచ్‌మన్ వైపు తిరిగారు. “తప్పు నాదేనయ్యా. గది ఖాళీ చేయక్కర్లేదు. మనసులో పెట్టుకోకు.”

“పెట్టుకోను సార్. గని ఒక్కటి రాసుకోండ్రి. ఇగ నేను ఎవ్వల తలుపు దగ్గరికి రాను. దూరంకెల్లి బెల్లు గొడ్త.”

సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. చీపురు పట్టుకున్న అతని భార్య మాత్రం తలుపు మీది ముద్రను వదిలేసి, చుట్టూ ఉన్న దుమ్మంతా తుడిచి వెళ్లింది.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం అమ్మకు అప్పుడే నిద్ర పట్టింది. మా బెల్లు ఆగకుండా మోగింది. తలుపు తీస్తే వాచ్‌మన్ మెట్ల దగ్గరే నిలబడి, పొడుగాటి వెదురుకర్రతో బెల్లు నొక్కుతున్నాడు.

“నీళ్ల ట్యాంకర్ వచ్చింది సార్, చెప్పనీకె వచ్చిన. సూడుండ్రి, చెవి పెట్టలే, దూరమే ఉన్న.”

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. “ఎవడ్రా వాడు? గీ బెల్లుకన్న దొంగలే నయం!”

వాచ్‌మన్ కర్ర భుజాన వేసుకుని, ఎదురింటి బెల్లుకు గురి చూశాడు.