రాక్షసుణ్ని తిట్టిన రోజు

మాది విశాఖలోని కంచరపాలెం. కిందటి వేసవి సెలవుల్లో మా పదేళ్ల అమ్మాయి హాసిని పోరు పడలేక, బీచ్ దగ్గర ఎగ్జిబిషన్‌లో పెట్టిన సూపర్ హీరో రైడ్‌కి తీసుకెళ్లాను. తోడుగా పెద్దవాళ్లు ఎక్కితేనే పిల్లల్ని ఎక్కనిస్తామన్నారు. నాకేమో జెయింట్ వీల్‌ను చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

“ఇంక ఇంటికెల్లిపోదామేటమ్మా?” అంటూ హాసిని కళ్లనీళ్లు పెట్టుకుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కేశాను.

చుట్టూ హీరో మాస్కులు పెట్టుకున్న కాలేజీ పిల్లలు. కుర్చీలు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. ఎదురుగా పెద్ద తెరమీద సినిమా మొదలై, అందులో రాక్షసుడు మా మీదికి చెయ్యి చాపాడు. హాసిని కెవ్వుమంది. నాకేమైందో తెలియదు.

“ఒరేయ్, నా పిల్ల మీద సెయ్యేత్తావేట్రా? సంపేత్తాను!” అని గట్టిగా అరిచేశాను.

అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాక్షసుడు మళ్లీ తెరమీదికి వచ్చేసరికి మాత్రం, “ఆంటీ, ఇంకో రెండు తిట్టండి!” అంటూ పిల్లలంతా ఈలలు వేశారు. ఇక ఆగలేదు. నేను తిట్టిన ప్రతి తిట్టుకీ చప్పట్లే!

దిగాక నాతో సెల్ఫీల కోసం ఎగబడ్డారు. “మా అమ్మండి!” అని హాసిని అందరికీ చెప్పుకుంది.

పైన ఉన్నంతసేపూ నా భయం నాకు గుర్తే రాలేదు. “ఇంకోసారి ఎక్కుదామా?” అని ముందు అడిగింది నేనే.